నాలుగు రోజుల జాతరకు వెబ్‌సైటు: మేడారం కేస్ స్టడీ

2018లో జనవరి 31. 2020లో ఫిబ్రవరి 5. 2022లో ఫిబ్రవరి 16. 2024లో ఫిబ్రవరి 21. 2026లో జనవరి 28. మేడారం సమ్మక్క సారలమ్మ జాతర మొదలైన తేదీలివి. అన్నీ బుధవారాలే, అన్నీ శనివారంతో ముగిసినవే. రెండేళ్ళకోసారి మాఘ పౌర్ణమి అటూ ఇటూగా వచ్చే పండుగ కాబట్టి ఇంగ్లిష్ క్యాలెండర్‌లో మూడు వారాలకు పైగా ముందుకీ వెనక్కీ జరుగుతుంటుంది. పూజారులు నిర్ణయించి ప్రకటించేదాకా తేదీ ఎవరికీ తెలియదు.

ఈవెంట్ వెబ్‌సైటు ప్లాన్ ఎక్కడ దారి తప్పుతుందో ఈ తేదీలు చూస్తేనే తెలిసిపోతుంది. 2026 జాతర కోసం వెతికిన మనిషికి గూగుల్‌లో 2024 పేజీ ముందు కనబడితే, "ఫిబ్రవరి 21 నుంచి 24" అని చదువుకుని ఆ లెక్కన సెలవు పెట్టుకుంటాడు. అప్పటికి తల్లులు వనప్రవేశం చేసి, అంటే తిరిగి అడవికి వెళ్ళి, మూడు వారాలై ఉంటుంది. సైటు అందంగా ఉండొచ్చు, ఫొటోలు బాగుండొచ్చు. ఆ మనిషికి మాత్రం జాతర పోయింది.

ఏ శాఖో నడిపిన సైటు మీద సమీక్ష కాదిది. మేడారం లాంటి ఈవెంట్‌కు మొదటి నుంచి సైటు ప్లాన్ వేస్తే ఏది ఎందుకు పెట్టాలి, ఏది వదిలేయాలి, ఏది ఎక్కడ చెడుతుంది అన్న లెక్క. కష్టాలన్నీ ఒక్కచోట ఉన్న కేసు కాబట్టే దీన్ని ఎంచుకున్నాం: అడవి మధ్య ఊరు, బలహీనమైన సిగ్నల్, లక్షల్లో జనం, గంట గంటకూ మారే ట్రాఫిక్, చదువు వచ్చినవాళ్ళూ రానివాళ్ళూ, తెలంగాణతో పాటు ఛత్తీస్‌గఢ్, మహారాష్ట్ర, ఒడిశాల నుంచి వచ్చే ఆదివాసీ కుటుంబాలు. ఇక్కడ నిలబడే ప్లాన్ పెళ్ళి సైటుకో, పుస్తక ప్రదర్శన సైటుకో ఇంకా తేలిగ్గా సరిపోతుంది.

మారేవి, మారనివి

పేజీల జాబితా రాసుకునే ముందు ఒక కాగితం మీద నిలువు గీత గీయాలి. ఎడమవైపు జాతర అయ్యేదాకా మారని సమాచారం, కుడివైపు మారేది.

మారనిది: ఏ రోజు ఏం జరుగుతుంది. బుధవారం కన్నెపల్లి నుంచి సారలమ్మ గద్దెకు, అంటే తల్లులు కొలువుండే వేదికకు, వస్తుంది. తల్లులతో పాటు పూజలందుకునే పగిడిద్దరాజు, గోవిందరాజులు కూడా ఆ రోజే చేరుకుంటారు. గురువారం చిలుకలగుట్ట నుంచి సమ్మక్క వస్తుంది. శుక్రవారం తల్లులిద్దరూ గద్దెల మీదే ఉంటారు, మొక్కులు చెల్లించుకునే ప్రధానమైన రోజు అదే. శనివారం వనప్రవేశం. జంపన్నవాగు ఎక్కడ, 'బంగారం' అంటే ఏమిటి, హనుమకొండ నుంచి సుమారు 100 కిలోమీటర్లు, రైల్లో వచ్చేవాళ్ళు వరంగల్‌లోనో కాజీపేటలోనో దిగాలి అన్నవీ ఇటువైపే.

మారేది: బస్సులు ఏ పాయింట్ నుంచి, చార్జీ ఎంత, ఏ పార్కింగ్ నిండింది, ఏ దారి మళ్ళించారు, గద్దెల దగ్గర క్యూ ఎంతదాకా వచ్చింది, నీళ్ళు, వైద్య శిబిరాలు, తప్పిపోయినవాళ్ళ కేంద్రం.

ఈ రెంటినీ ఒకే పేజీలో కలిపితే రెండూ పాడవుతాయి. బస్సు చార్జీ చరిత్ర పేజీలో మూడో పేరాలో ఇరుక్కుంటుంది. మారినప్పుడు ఒకచోట దిద్ది ఇంకోచోట మరిచిపోతారు. అందుకే తేదీ, చార్జీ, ఫోన్ నంబరు లాంటివి వాక్యాల్లో టైప్ చేయకూడదు. అన్నీ ఒకే డేటా ఫైల్లో ఉండాలి, పేజీలు అక్కడి నుంచే తీసుకోవాలి. అక్కడ ఒక్కసారి మారిస్తే పదిచోట్లా మారాలి. సైటు కట్టేవాళ్ళు "చివర్లో చూసుకుందాం" అని వదిలేసేది సాధారణంగా ఇదే.

కుడివైపు ప్రతి వరుస పక్కన ఇంకో మూడు గడులు కావాలి: ఎవరు చెప్తారు, ఎవరు టైప్ చేస్తారు, ఎంతసేపటికి పాతబడుతుంది. పార్కింగ్ సమాచారం పోలీసులు చెప్తారు, కంట్రోల్ రూమ్‌లో కూర్చున్న మనిషి టైప్ చేస్తాడు, 30 నిమిషాలకు పాతబడుతుంది. బస్సు చార్జీ ఆర్టీసీ చెప్తుంది, ఒకసారి పెడితే జాతర అయ్యేదాకా ఉంటుంది. ఏ వరుసకైనా "ఎవరు చెప్తారు" గడి ఖాళీగా మిగిలితే ఆ సమాచారం సైటులో పెట్టకూడదు. క్యూ ఎంతసేపు పడుతుందో చెప్పే బాధ్యత ఎవరిదో తేలకపోతే, "దర్శనానికి పట్టే సమయం" అనే పెట్టె డిజైన్‌లో ఎంత ముచ్చటగా ఉన్నా తీసేయాల్సిందే. రెండో రోజు సాయంత్రం కూడా మొదటి రోజు పొద్దున్నే పెట్టిన అంకె కనబడితే, ఆ పెట్టెతో పాటు మిగతా సైటు మీద కూడా నమ్మకం పోతుంది.

ప్రశ్నలు ఎక్కడ దొరుకుతాయి

మీటింగ్ గదిలో కూర్చుని "భక్తులకు ఏం కావాలి" అని ఆలోచిస్తే ముఖ్య అతిథి సందేశం, ఫొటో గ్యాలరీ, చరిత్ర వస్తాయి. బస్టాండ్ ఎంక్వైరీ కౌంటర్ పక్కన రెండు గంటలు నిలబడితే అసలు ప్రశ్నలు వస్తాయి. ఇంకో గని, పోయిన జాతర కంట్రోల్ రూమ్ కాల్ రిజిస్టర్. మూడోది గూగుల్ సెర్చ్ పెట్టెలో "మేడారం" అని కొట్టి ఆగితే కింద రాలే సూచనలు. ఇంగ్లిష్ అక్షరాల్లో ఒకసారి, తెలుగు లిపిలో ఒకసారి చూడాలి, రెండు జాబితాలూ ఒకటి కావు.

ప్రశ్నల్ని విషయాన్ని బట్టి కాక, అడిగే సమయాన్ని బట్టి పేర్చాలి. నెల ముందు: తేదీలు, బస ఏర్పాట్లు. ముందురోజు: బస్సా, సొంత బండా, ఏ దారి. దారిలో: ట్రాఫిక్ ఎక్కడ ఆగింది, పార్కింగ్ ఎక్కడ. మేడారంలో: గద్దెలు ఎటు, వాగు ఎటు, మరుగుదొడ్లు, పిల్లవాడు కనబడటం లేదు. తిరుగు ప్రయాణం: మా ఊరి బస్సు ఎక్కడ, మా బండి ఎక్కడ పెట్టాం.

చివరిదాన్ని దాదాపు అందరూ మరిచిపోతారు. సైటు జనాన్ని రప్పించి చేతులు దులుపుకుంటుంది. మొక్కు చెల్లించి రాత్రి పూట, నిద్ర లేని పిల్లల్ని ఎత్తుకుని, బ్యాటరీ 8 శాతం మిగిలిన ఫోన్‌తో బస్సు వెతుక్కునే మనిషే అందరికన్నా ఇబ్బందిలో ఉన్నవాడు. "తిరుగు ప్రయాణం" అనేది బస్సుల పేజీలో ఒక మూల కాదు, మొదటి తెరలో దానికంటూ ఒక బటన్ ఉండాలి.

ఇంకో సంగతి. మేడారం రద్దీ బుధవారం మొదలవదు. జాతర నాలుగు రోజుల్లో కిక్కిరిసిపోతుందని ముందే వెళ్ళి మొక్కులు చెల్లించుకునేవాళ్ళు చాలామంది, ముఖ్యంగా ఆదివారాల్లో. కాబట్టి సైటు సిద్ధమవాల్సింది జాతర రోజుకు కాదు. మొదటి సమాచారం నాలుగు నెలల ముందు, బస్సులూ పార్కింగ్‌తో సహా మొత్తం సైటు నెల ముందు ఉండాలి. జాతరకు రెండు వారాల ముందు జరిగే గుడిమెలిగె పండుగ నాటికి అన్ని పేజీలూ తనిఖీ అయిపోవాలి. మండమెలిగె పండుగ తరువాత డిజైన్‌లో ఒక్క గీత కూడా కదలకూడదు. మండమెలిగె జాతరకు సరిగ్గా వారం ముందు వస్తుంది. ఆ వారంలో వచ్చే "ఈ బ్యానర్ కూడా పెట్టండి" అన్న ఫోన్లకు ముందే రాసుకున్న జవాబు ఒకటుండాలి.

మొదటి తెర

ఫోన్‌లో వేలితో జరపకుండా కనబడే భాగం చాలా చిన్నది. అక్కడ స్లైడర్ పెడితే ఆ చోటంతా పోయినట్టే, రెండో బొమ్మ దాకా ఎవరూ ఆగరు. ఇవి చాలు: జాతర పేరు, సంవత్సరంతో సహా తేదీలు, ఈ రోజు ఏం జరుగుతోంది అన్న ఒక్క వాక్యం, ఆ వాక్యం ఎప్పుడు రాశారో సమయం, కింద నాలుగు బటన్లు. ఎలా రావాలి. పార్కింగ్. తిరుగు ప్రయాణం. అత్యవసరం. 'అత్యవసరం' నొక్కితే ఇంకో పేజీ లోడ్ కావడం కాదు, నేరుగా ఫోన్ కలవాలి.

వేడుకల సమయాలు రాసేటప్పుడు గడియారాన్ని నమ్ముకోకూడదు. సమ్మక్క చిలుకలగుట్ట దిగే సమయం పూజల్ని బట్టి ఉంటుంది. "గురువారం సాయంత్రం" అని రాయాలి. "6:30" అని రాస్తే ఆ అంకె వాట్సాప్‌లో ఊరూరా తిరుగుతుంది, 6:30కి తొక్కిసలాట మొదలవుతుంది, తల్లి ఎనిమిదింటికి వస్తే సైటు అబద్ధమాడినట్టవుతుంది.

క్యాలెండర్‌లో చేర్చుకునే ఫైల్ ఇస్తే రెండు ఉచ్చులున్నాయి. రోజంతా జరిగే ఈవెంట్‌కు ఆ ఫార్మాట్‌లో ముగింపు తేదీ లెక్కలోకి రాదు. జనవరి 28 నుంచి 31 దాకా చూపాలంటే ముగింపు ఫిబ్రవరి 1 అని రాయాలి, లేకుంటే వనప్రవేశం రోజు మాయమవుతుంది. రెండోది, తేదీకి గంటలు తగిలించి అంతర్జాతీయ సమయంలో రాస్తే డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్నవాళ్ళ ఫోన్‌లో జాతర 27నే మొదలవుతుంది. గంటలు లేకుండా ఉత్త తేదీగా రాస్తే ఎక్కడైనా 28గానే కనబడుతుంది.

తెలుగు రాతలో తగిలే దెబ్బలు

మొదటి దెబ్బ ఆఫీసు ఫైళ్ళ నుంచి వస్తుంది. కరపత్రాలు, నోటీసులు చాలావరకు అను ఫాంట్లలో (అన్ని ఫోన్లూ చదవగలిగే యూనికోడ్ పద్ధతికి చెందని పాత తెలుగు ఫాంట్లు) పేజ్‌మేకర్ మీద తయారవుతాయి. వాటిలోంచి కాపీ చేసి సైటులో అతికిస్తే పిచ్చి గీతలు వస్తాయి. అది చూసి ఎవరో ఒకరు "పీడీఎఫ్ పెట్టేద్దాం" అంటారు. పెడితే గూగుల్ దాన్ని చదవలేదు, చూపులేనివాళ్ళ ఫోన్ దాన్ని చదివి వినిపించలేదు, ఫోన్‌లో రెండు వేళ్ళతో సాగదీసి చదవాలి. యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లున్నాయి కానీ వత్తులు, పొల్లులు, అరసున్నల దగ్గర తప్పులు వదులుతాయి. నోటీసు ఒక పేజీ దాటకపోతే మళ్ళీ టైప్ చేయించడమే తక్కువ పని.

రెండోది ఫాంట్. వెబ్ ఫాంట్ పెడితే అక్షరాల ఒక్కో మందానికి (మామూలు, బోల్డ్ లాంటివి) పదుల కేబీలు అదనపు బరువు. దాదాపు అన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలో నోటో సాన్స్ తెలుగు, ఐఫోన్లలో కోహినూర్ తెలుగు, విండోస్‌లో నిర్మల యూఐ ముందే ఉంటాయి. వాటినే వాడుకుంటే ఫాంట్ బరువు సున్నా. శీర్షికకు ప్రత్యేకమైన అక్షరాలు కావాలంటే ఆ ఒక్క ముక్కనే ఎస్‌వీజీ (ఎంత పెద్దది చేసినా చెదరని గీతల) బొమ్మగా చేసి, దానికి వివరణ రాయాలి.

మూడోది వరుసల మధ్య చోటు. ఇంగ్లిష్ టెంప్లేట్‌లో వరుస ఎత్తు అక్షరం సైజుకు 1.2 రెట్లు ఉంటుంది, బటన్ ఎత్తు పిక్సెల్స్‌లో బిగించి ఉంటుంది. అందులో "సమ్మక్క" అని రాసి చూడండి: మ వత్తు, క వత్తు రెండూ కిందికి దిగి అంచున తెగుతాయి. అమ్మవారి పేరే సరిగ్గా కనబడని సైటు! వరుస ఎత్తు 1.6 నుంచి 1.7, అక్షరం 17 పిక్సెల్స్‌కు తగ్గకుండా ఉంచాలి. బటన్‌కు ఎత్తు ఇవ్వకుండా పైనా కిందా ఖాళీ ఇవ్వాలి. అక్షరాల మధ్య దూరం పెంచే సెట్టింగ్ తెలుగుకు వద్దు, గుణింతాలు విడిపోయినట్టు కనబడతాయి.

నాలుగోది చిరునామాలు. పేజీ చిరునామా తెలుగు లిపిలో పెడితే బ్రౌజర్‌లో ముచ్చటగా ఉంటుంది. కాపీ చేసి వాట్సాప్‌లో అతికించగానే ఒక్కో తెలుగు అక్షర సంకేతం తొమ్మిది గుర్తులుగా విచ్చుకుంటుంది. పది సంకేతాల పేరు తొంభై గుర్తుల తోకవుతుంది. చిరునామాలు మాత్రం చిన్న ఇంగ్లిష్ అక్షరాల్లోనే ఉంచాలి. పేజీ శీర్షికలో తెలుగు పేరు, ఇంగ్లిష్ అక్షరాల్లో పేరు, సంవత్సరం మూడూ ఉండాలి, ఎక్కువమంది వెతికేది ఇంగ్లిష్ కీబోర్డుతోనే కాబట్టి.

మాటల ఎంపిక కూడా ఇందులో భాగమే. ఇక్కడ బెల్లాన్ని 'బంగారం' అంటారు. సైటులో "బెల్లం సమర్పణ" అని మాత్రమే రాస్తే నిలువెత్తు బంగారం గురించి వెతికేవాళ్ళకు ఆ పేజీ దొరకదు. ఉత్త "బంగారం" అని రాస్తే కొత్తగా వచ్చేవాళ్ళు వేరే అర్థం చేసుకుంటారు. మొదటిసారి "బంగారం, అంటే బెల్లం" అని రాస్తే ఇద్దరికీ సరిపోతుంది.

చదవలేనివాళ్ళకు ప్రతి ముఖ్య పేజీలో ఒక వినే బటన్. 30 సెకన్ల మాటను 32 కేబీపీఎస్‌లో రికార్డు చేస్తే 120 కేబీలు. నొక్కితేనే దిగాలి, పేజీతో పాటు దానంతటది రాకూడదు. తెలుగు, హిందీతో పాటు కోయ మాటలో కూడా రికార్డు చేయిస్తే మంచిది. ఇది ఆదివాసుల పండుగ, సైటులో వాళ్ళ గొంతు ఒక్కసారైనా వినబడాలి.

బరువు లెక్క

ఈ అధ్యాయం తప్పితే మిగతావన్నీ సరిగ్గా ఉన్నా లాభం లేదు. లక్షల ఫోన్లు ఒకే టవర్ల గుంపు మీద పడ్డప్పుడు 4జీ గుర్తు కనబడుతూనే ఉంటుంది, డేటా మాత్రం పారదు. తాత్కాలిక టవర్లు పెట్టినా, పక్కనే ఉన్న వందమంది వీడియో కాల్‌లో గద్దెల్ని చూపిస్తుంటే మీ పేజీకి మిగిలేది కొసరే.

సెకనుకు 400 కిలోబిట్లు దొరికిందనుకుందాం. 3 ఎంబీల పేజీ దిగడానికి ఒక నిమిషం పడుతుంది. 150 కేబీల పేజీ మూడు సెకన్లలో వస్తుంది. ఫోన్ ఎంత మంచిదైనా ఈ లెక్క మారదు. అందుకే మొదటి పేజీ బడ్జెట్ 150 కేబీలు అని ఒప్పందంలోనే రాయాలి. పంపకం ఇలా: హెచ్‌టీఎంఎల్, స్టైల్ కలిపి కుదించాక 25, స్క్రిప్ట్ 15, ఒక ఫొటో 60, గుర్తులు 10, మిగతా 40 చేతిలో నిల్వ. తెలుగు అక్షర సంకేతం ఒక్కోటి యూటీఎఫ్-8లో (వెబ్‌లో అక్షరాల్ని దాచే మామూలు పద్ధతి) మూడు బైట్లు తీసుకుంటుంది కానీ జిప్, బ్రోట్లీ కుదింపులో బాగా తగ్గుతుంది, ఆ భయంతో మాటలు తగ్గించనక్కర్లేదు. తగ్గించాల్సింది ఫొటోలు, స్లైడర్లు, సోషల్ మీడియా పెట్టెలు, యూట్యూబ్ ప్లేయర్. వీడియో కావాలంటే చిన్న బొమ్మ పెట్టి లింకు ఇస్తే చాలు.

సర్వర్ వైపు కూడా ఇదే లెక్క. ఒక రోజు 5 లక్షలసార్లు మొదటి పేజీ తెరిచారనుకుంటే 150 కేబీల చొప్పున 75 జీబీలు, 3 ఎంబీల చొప్పున 1,500 జీబీలు. అందులో అయిదో వంతు ఒకే గంటలో వస్తే సెకనుకు సుమారు 28 సార్లు. చిన్న పేజీకి సెకనుకు 34 మెగాబిట్లు, పెద్ద పేజీకి 670 దాకా. మొదటిది మామూలు ఏర్పాటుతో నడుస్తుంది. రెండోదానికి సర్వర్లు పెంచుకుంటూ పోవాలి, అయినా భక్తుడి ఫోన్‌లో నిమిషం పడుతూనే ఉంటుంది.

పేజీల్ని ముందే తయారు చేసి పెట్టుకునే స్టాటిక్ పద్ధతి, ముందు ఒక సీడీఎన్ (పేజీల కాపీలను పలుచోట్ల ఉంచి దగ్గరి చోటి నుంచి పంపే సర్వర్ల వల). వచ్చిన ప్రతివాడి కోసం డేటాబేస్‌ను తట్టే సైటు గురువారం సాయంత్రానికి పడిపోతుంది. క్యాషే గడువులు, అంటే దాచిన కాపీ ఎంతసేపు వాడాలో, వేరువేరుగా పెట్టాలి: మారని పేజీలకు 10 నిమిషాలు, తాజా సమాచారానికి 60 సెకన్లు, బొమ్మలకు ఏడాది, బొమ్మ మారిస్తే ఫైలు పేరూ మారుస్తూ. అన్నిటికీ ఒకే గంట గడువు పెట్టడం మామూలుగా జరిగే తప్పు. అప్పుడు "పార్కింగ్ నిండింది" అని రాశాక కూడా గంటసేపు "ఖాళీ ఉంది" అనే కనబడుతుంది. అసలు సర్వర్ ఆగితే పాత ప్రతినైనా చూపమని సీడీఎన్‌కు చెప్పి ఉంచాలి.

సిగ్నల్ బొత్తిగా లేని చోటికి రెండు ఏర్పాట్లు. సర్వీస్ వర్కర్‌తో (నెట్ లేకున్నా పేజీలు చూపేలా బ్రౌజర్‌లో ఉండే చిన్న ప్రోగ్రాం) ముఖ్యమైన నాలుగు పేజీలు, మ్యాపు కలిపి 400 కేబీల లోపు ఫోన్‌లోనే దాచడం ఒకటి. దీనికో లోపముంది: ఫేస్‌బుక్ లోపలి బ్రౌజర్‌లో తెరిస్తే ఆ నిల్వ అక్కడే ఉండిపోతుంది, తరువాత క్రోమ్‌లో తెరిస్తే ఉండదు. అందుకే రెండోది, మోటుదే గానీ గట్టిది: 1080కి 1920 కొలతలో ఒకే బొమ్మ, గ్యాలరీలో దాచుకోవడానికి. రోజుల వరుస, దిక్కుల మ్యాపు, ఫోన్ నంబర్లు. ఆ బొమ్మ మీద మారని విషయాలే ఉండాలి, మూలన తయారైన తేదీ ఉండాలి. అది మీ చేయి దాటి ఊళ్ళు తిరుగుతుంది, వెనక్కి పిలవలేరు.

దారి చెప్పడం

మ్యాప్ యాప్‌కు లింకు ఇచ్చి ఊరుకుంటే మేడారంలో అది ప్రమాదం. యాప్ దగ్గరి దారి చూపుతుంది. పోలీసులు జాతర కోసం వేసిన వన్‌వే దానికి తెలియకపోవచ్చు. గత జాతరల్లో ప్రైవేటు వాహనాలను 163వ జాతీయ రహదారి మీద పస్రా దాకా రప్పించి నార్లాపూర్ వైపు పంపారు, తిరుగు ప్రయాణాన్ని బయ్యక్కపేట, భూపాలపల్లి వైపు మళ్ళించారు. యాప్‌ను నమ్మి ఎదురు దారిలో వచ్చిన ఒక్క కారు చాలు, వెనక కిలోమీటరు ఆగిపోవడానికి.

అందుకే దారిని జంక్షన్ల పేర్లతో, వరుసగా, మాటల్లో రాయాలి: "ములుగు దాటాక పస్రా. అక్కడ ఎడమకు." వచ్చే దారి, వెళ్ళే దారి వేరువేరు పేజీలు, వేరువేరు రంగులు. ఏటూరునాగారం వైపు నుంచి, భూపాలపల్లి వైపు నుంచి వచ్చేవాళ్ళకు విడివిడిగా. ఆ ఏడాది పోలీసులు ఖరారు చేసిన దారినే పెట్టాలి, పోయినసారి పేజీని కాపీ కొట్టకూడదు. మ్యాప్ లింకు ఇవ్వాలంటే మేడారానికి కాదు, మొదటి మళ్ళింపు జంక్షన్‌కు ఇవ్వాలి.

లోపలి మ్యాపు గీసిన బొమ్మగా ఉంటే చాలు, 40 కేబీల ఎస్‌వీజీ. జూమ్ చేస్తే ముక్కలు ముక్కలుగా దిగే మ్యాప్ పలకలు ఈ సిగ్నల్‌కు పనికిరావు. పార్కింగ్‌లకు అంకెతో పాటు గుర్తు పట్టే బొమ్మ ఇవ్వాలి: నెమలి పార్కింగ్, ఏనుగు పార్కింగ్. తిరిగొచ్చేటప్పుడు "పి-14" ఎవరికీ గుర్తుండదు, ఏనుగు గుర్తుంటుంది. మైదానంలో కట్టే బోర్డు మీదా సైటులోనూ ఒకే బొమ్మ ఉండాలి. దీనికి ఫ్లెక్సీలు కొట్టించేవాళ్ళతో సైటువాళ్ళు రెండు నెలల ముందే కూర్చోవాలి. రెండు కాంట్రాక్టులు వేరైతే రెండు రకాల బొమ్మలొస్తాయి.

తాజా సమాచారం ఎవరు నడుపుతారు

నాలుగు రోజులు, 24 గంటలు, 8 గంటల చొప్పున మూడు షిఫ్టులు, షిఫ్టుకు ఇద్దరు. ఒకరు కనుక్కుని నిర్ధారిస్తారు, ఒకరు పెడతారు. వాళ్ళు కూర్చోవాల్సింది కంట్రోల్ రూమ్‌లో. హైదరాబాద్‌లో కూర్చుని వాట్సాప్ గ్రూపులో చూసి పెడితే ప్రతిదీ 40 నిమిషాలు ఆలస్యం, పైగా సగం పుకార్లు.

అన్నిటికన్నా ఎక్కువ సమయం తినేది అనుమతి. ప్రతి వాక్యం పై అధికారికి పంపి సరేననిపించుకోవాలంటే జామ్ క్లియర్ అయ్యాక జామ్ వార్త వస్తుంది. దీనికి విరుగుడు ముందే ఆమోదం పొందిన వాక్యాలు. డజనున్నర సరిపోతాయి, ఖాళీలు నింపితే చాలు: "____ పార్కింగ్ నిండింది. ____కు వెళ్ళండి." "____ జంక్షన్ దగ్గర వాహనాలు నెమ్మదిగా కదులుతున్నాయి." "జంపన్నవాగు ____ వైపు స్నానఘట్టాల దగ్గర రద్దీ ఎక్కువ. ____ వైపు వెళ్ళండి." వాక్యానికి ఒకసారి సంతకం, ఖాళీ నింపే అధికారం షిఫ్టు ఇంచార్జికి.

ప్రతి కబురుకూ పుట్టిన సమయం, చచ్చే సమయం రెండూ ఉండాలి. గడువు దాటాక ఎవరూ ముట్టకపోయినా దానంతటది బూడిద రంగులోకి మారి "ఈ సమాచారం పాతది" అని చెప్పాలి. "10 నిమిషాల క్రితం" అని చూపడం కన్నా "రాత్రి 9:40కి" అని చూపడం మేలు. ఫోన్‌లో దాచిన పేజీ తెరిచినా, స్క్రీన్‌షాట్ తీసి పంపినా ఆ గడియారం అబద్ధం చెప్పదు.

ఇవే కబుర్లను ఎస్సెమ్మెస్‌గా పంపేట్టయితే తెలుగులో ఒక మెసేజీకి 70 గుర్తులే, ఇంగ్లిష్‌లోలా 160 కాదు. పొడవైతే ముక్కకు 67 చొప్పున విరుగుతుంది, ఖర్చు పెరుగుతుంది. వాక్యాలు రాసేటప్పుడే ఆ కొలతలో రాసుకుంటే రెండు పనులకూ పనికొస్తాయి.

తప్పిపోయినవాళ్ళ పేజీ విషయంలో ఒక గట్టి గీత: పిల్లల ఫొటోలు, పేర్లు, తల్లిదండ్రుల నంబర్లు సైటులో పెట్టకూడదు. ఒకసారి వెబ్‌లోకి వెళ్ళిన ఫొటో బిడ్డ దొరికాక కూడా తిరుగుతూనే ఉంటుంది, ఆ వివరాలు పట్టుకుని "మేం బంధువులం" అని ఎవరైనా రావచ్చు. సైటు పని కేంద్రం ఎక్కడుందో, నంబరు ఏమిటో పెద్ద అక్షరాల్లో చెప్పడం వరకే. పిల్లల జేబులో పెట్టడానికి పేరు, ఫోన్ నంబరు రాసుకునే చీటీ నమూనా ఇస్తే అది నిజంగా పనికొస్తుంది.

క్యూఆర్, వాట్సాప్

క్యూఆర్ కోడ్ చదవాల్సిన దూరంలో పదో వంతు వెడల్పు ఉండాలి. రెండు మీటర్ల నుంచి అయితే 20 సెంటీమీటర్లు. చిరునామా 26 గుర్తుల లోపుంటే మధ్యస్థ దిద్దుబాటుతో (కోడ్ కొంత చెరిగినా చదవగలిగే ఏర్పాటు) కూడా 25కి 25 గడుల చిన్న కోడ్ సరిపోతుంది. చుట్టూ నాలుగు గడుల తెల్ల అంచు వదలాలి, ఫ్లెక్సీ డిజైనర్లు దాన్ని తినేసి పూల దండ వేస్తారు, కోడ్ చదవబడదు. హైవే పక్క బోర్డు మీద కోడ్ దండగ, కారులో వెళ్ళేవాడు ఎలా తీస్తాడు? అక్కడ చిన్న చిరునామా పెద్ద అక్షరాల్లో చాలు. ఉచిత క్యూఆర్ సేవల కోడ్‌లు వాడొద్దు. వాళ్ళ చిరునామా మీదుగా మళ్ళించే రకమైతే గడువు తీరాక మీ ఫ్లెక్సీలన్నీ వాళ్ళ ప్రకటన పేజీకి దారి తీస్తాయి.

వాట్సాప్‌లో లింకు పంపినప్పుడు వచ్చే బొమ్మ 1200కి 630 కొలతలో ఉండాలి, దాని మీద తేదీలు సంవత్సరంతో సహా ఉండాలి. చాలామంది లింకు నొక్కరు, బొమ్మ చూసి వదిలేస్తారు. తేదీ మారితే బొమ్మ ఫైలు పేరు కూడా మార్చాలి, లేకుంటే పాత బొమ్మే క్యాషేలోంచి వస్తుంటుంది.

పరీక్ష

2 జీబీ ర్యామ్ ఉన్న చవక ఫోన్, బ్రైట్‌నెస్ సగం, మధ్యాహ్నం ఎండలో. సైటు గురించి ఏమీ తెలియని అయిదుగురికి ఇచ్చి "మీ బండి ఏనుగు పార్కింగ్‌లో ఉంది, పరకాల వెళ్ళాలి, దారి చెప్పండి" అనాలి. 30 సెకన్లలో చెప్పలేకపోతే లోపం పేజీది. ఒకాయన తెలుగు చదవలేని మనిషి అయి ఉండాలి. నెట్ తీసేసి ఒకసారి, సర్వర్ ఆపేసి ఒకసారి, ఒక కబురు గడువు దాటనిచ్చి ఒకసారి చూడాలి. లోడ్ పరీక్షలో పైన లెక్కేసిన 28కి పదింతలు, సెకనుకు 280 దాకా కొట్టి చూడాలి. సమ్మక్క గద్దెకు చేరే ఘడియలో వచ్చే పోటు సగటు లెక్కకు అందదు.

జాతర అయ్యాక

శనివారం సాయంత్రం సైటు ముగియదు. దొరికిన వస్తువులు, తిరుగు బస్సులు ఇంకా రెండు మూడు రోజులు నడుస్తాయి, తరువాతి బుధవారం తిరుగువారం పండుగ ఉంటుంది. అప్పటిదాకా తాజా పేజీ బతికే ఉండాలి.

ఆ తరువాత ఆ ఏడాది పేజీలన్నీ సంవత్సరం అంకె ఉన్న చిరునామా కిందికి జరగాలి, ప్రతి దాని పైనా "ఇది 2026 జాతర సమాచారం" అన్న పట్టీ పడాలి. మొదటి పేజీ చిరునామా ఎప్పటికీ మారకూడదు. రెండేళ్ళుగా పోగైన లింకులూ, గూగుల్‌లో పలుకుబడీ దానికే ఉంటాయి. ప్రతిసారీ కొత్త డొమైన్ కొంటే ఆ పలుకుబడి పాత తేదీల దగ్గరే ఉండిపోతుంది, ఈ కథ మొదటికొస్తుంది. డొమైన్‌ను ఏడాదికి కొని వదిలేస్తే జాతర లేని సంవత్సరంలో గడువు తీరి బెట్టింగ్ సైటు చేతిలో పడుతుంది. పదేళ్ళకు ఒకేసారి కట్టవచ్చు. ఆ బిల్లూ లాగిన్ వివరాలూ ఒక మనిషి సొంత మెయిల్‌లో కాక ఆఫీసు పేరిట ఉండాలి. ప్రభుత్వ ఈవెంట్ అయితే ప్రభుత్వ డొమైన్ కిందే ఉంచాలి. విరాళాలు అడిగే నకిలీ సైట్లు జాతర ముందు పుట్టుకొస్తాయి, "చివర ప్రభుత్వ డొమైన్ ఉంటేనే నమ్మండి" అని ఒక్క మాటలో చెప్పుకునే వీలుంటుంది.

మధ్య ఏడాదిలో మినీ మేడారం అనే చిన్న జాతర వస్తుంది, దాన్ని పెద్ద జాతరతో కలపకుండా వేరే పేరుతో వేరే పేజీ. అది కూడా అయ్యాక మొదటి పేజీలో పాత తేదీలు తీసేసి ఒక్క వాక్యం ఉంచాలి: "తదుపరి జాతర తేదీలు ఇంకా ప్రకటించలేదు. పూజారులు ప్రకటించిన రోజే ఇక్కడ పెడతాం."